గాలి దాటే పొర, దాటని పొర: పెంపక గదిలో వలలు, కాగితాలు, పరదాలను పరీక్షించే పద్ధతి



మీ పెంపక గదిలో పురుగుకూ బయటి గాలికీ మధ్య ఎన్ని పొరలు అడ్డం ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? కిటికీకి నైలాన్ వల. ఎండాకాలమైతే దాని మీద తడి గోనెపట్టా. వానాకాలమైతే యూరియా సంచులు విప్పి కుట్టిన పరదా. తట్ట మీద పారఫిన్ కాగితం, అది లేనిచోట పాత వార్తాపత్రిక. ఇవన్నీ అవసరం కొద్దీ మనం పెట్టుకున్నవే. ఒక్కొక్కటీ ఒక్కో నష్టాన్ని ఆపుతుంది. కాని ప్రతిదీ గాలినీ, ఆవిరినీ కూడా ఎంతో కొంత ఆపుతుంది. ఆ ఎంతో కొంత ఎంత అన్నదే ఈ పాఠం. కంటితో చూసి, వేళ్లతో నలిపి దీన్ని చెప్పలేము. కొలవాలి. కొలవడానికి ఇంట్లో ఉండే సీసా, నాలుగు గ్లాసులు, ఒక చిన్న తూకం చాలు.

యలహంక స్టేషను దగ్గర రైలు మార్గం రెండుగా చీలుతుంది. ఒకటి దొడ్డబళ్లాపురం, గౌరీబిదనూరు మీదుగా హిందూపురం వైపు పోతుంది. రెండోది చిక్కబళ్లాపురం, శిడ్లఘట్ట, చింతామణి మీదుగా కోలారు వైపు. రెండు దారుల వెంబడీ మల్బరీ తోటలే, రెండు దారుల వెంబడీ తెలుగు మాట వినపడుతుంది. బెంగళూరు పని చూసుకుని తిరుగుదారిలో యలహంకలో దిగి వల, కాగితం కొనుక్కుని పోయే రైతులు ఉన్నారు. ఇక్కడికి దగ్గరలోనే జికెవికెలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కృషి మేళా చూడవచ్చి కొనేవారూ ఉన్నారు. కొనేటప్పుడు అడిగే ప్రశ్నలు రెండే. మీటరు ఎంత? ఎన్నేళ్లు వస్తుంది? ఇది గాలి ఎంత వదులుతుంది అని అడిగిన రైతును నేను ఇంతవరకు చూడలేదు. అడిగినా అంగడివాడు చెప్పలేడు. అది అతని తప్పు కాదు, ఆ వల మీద ఎవరూ ఆ సంగతి రాసి పంపరు.

దాటేవి మూడు

గాలి, నీటి ఆవిరి, నీరు. ఈ మూడూ ఒకే పొరను ఒకే విధంగా దాటవు. ఇది బాగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే చాలా పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

గాలి కదలాలంటే దాన్ని ఏదైనా తోయాలి. బయటి గాలి వీచినా తోస్తుంది, గదిలోని వేడి గాలి పైకి లేచినా తోస్తుంది. అప్పుడు అది పొరలోని రంధ్రాల గుండా పోతుంది. నీటి ఆవిరికి తోపు అక్కరలేదు. ఒక వైపు తేమ ఎక్కువ, మరో వైపు తక్కువ ఉంటే చాలు, గాలి కదలకపోయినా ఆవిరి మెల్లగా అటు జారిపోతుంది. అందుకే వార్తాపత్రికను నోటికి అడ్డం పెట్టి ఊదితే గాలి పోనట్టే ఉంటుంది, కాని దాని కింద పెట్టిన లేత ఆకు మధ్యాహ్నానికి వాడిపోతుంది. పారఫిన్ కాగితం ఈ రెంటినీ ఆపుతుంది. వల రెంటినీ వదులుతుంది, కాని గాలిని మనం అనుకున్నంత వదలదు.

దీని వెనుక ఉన్న సూత్రం పాతదే. ఫ్రాన్సు దేశంలో దిజోన్ పట్టణపు నీటి సరఫరా చూసిన హెన్రీ డార్సీ అనే ఇంజనీరు 1856లో ఇసుక గుండా నీరు దిగే వేగాన్ని కొలిచి ప్రకటించారు. తోపు రెట్టింపైతే నీరు రెట్టింపు దిగుతుంది. వైశాల్యం పెరిగితే పెరుగుతుంది. పొర మందం రెట్టింపైతే సగమవుతుంది. సన్నని రంధ్రాలున్న కాగితానికీ, బట్టకూ ఈ లెక్క దాదాపుగా సరిపోతుంది. ఒకటి చాలదేమోనని రెండు పత్రికలు పరిస్తే దాటే గాలి సగానికి పడిపోతుందని దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ప్రయోగశాలల్లో దీనికి యంత్రాలున్నాయి. కాగితం మిల్లులు వాడే గర్లీ పరికరంలో 100 మిల్లీలీటర్ల గాలి కాగితం గుండా పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. ఎక్కువ సెకన్లు పడితే కాగితం బిగువైనదని అర్థం. బట్టలకు పద్ధతి వేరు. ఐఎస్ఒ 9237 ప్రమాణం ప్రకారం దుస్తుల బట్టకు ఇరువైపులా 100 పాస్కళ్ల తేడా, అంటే సుమారు 1 సెంటీమీటరు నీటి ఎత్తు ఒత్తిడి పెట్టి, ఎంత గాలి దాటిందో కొలుస్తారు. మనకు ఆ యంత్రాలు అక్కరలేదు, సూత్రం చాలు.

సీసా పరీక్ష: కాగితాలకు, పరదాలకు

గట్టి గోడలున్న లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకోండి. అడుగుకు రెండంగుళాల పైన కాల్చిన మేకుతో సుమారు 3 మి.మీ. రంధ్రం చేయండి. సీసా మెడకు నాలుగు వేళ్ల కింద ఒక గీత, రంధ్రానికి నాలుగు వేళ్ల పైన మరొక గీత పెట్టండి. రంధ్రాన్ని వేలితో మూసి, పై గీత దాటేవరకు నీరు పోయండి. సీసా మూతికి పరీక్షించవలసిన కాగితం ముక్కను బిగుతుగా కప్పి రబ్బరు బ్యాండు వేయండి. అంచుల నుండి దొంగగాలి పోకుండా మూతి అంచుకు ముందుగా కొంచెం వాజలిన్ పూయాలి. ఇప్పుడు వేలు తీసి, నీటి మట్టం పై గీత నుండి కింది గీతకు రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి.

నీరు బయటికి పోవాలంటే అంత గాలి లోపలికి రావాలి. ఆ గాలికి కాగితం ఒక్కటే దారి. మొదట మూతి తెరిచి ఒకసారి కొలిచి ఆ సెకన్లు రాసుకోండి. తరువాత పల్చని నూలు బట్ట కప్పితే పెద్ద తేడా రాదు. వార్తాపత్రిక కప్పితే ధార సన్నబడి సమయం బాగా పెరుగుతుంది. మంచి పారఫిన్ కాగితం, పాలిథీన్, లోపల పూత ఉన్న యూరియా సంచి ముక్క కప్పితే నీరు చుక్కలుగా మారి ఆగిపోతుంది.

రెండు జాగ్రత్తలు. తాగునీరు అమ్మే పల్చని సీసా పనికిరాదు. దాని గోడలు లోపలికి నొక్కుకుపోయి, గాలి రాకపోయినా కొంత నీరు కారుతుంది. పురుగుమందు డబ్బా కడిగినా సరే వాడవద్దు. పట్టుపురుగు ఉన్న ఇంటి చుట్టుపక్కలకే అది రాకూడదు.

ఈ సీసాకు ఒక పరిమితి ఉంది. సీసాలో నీటి ఎత్తు 15, 20 సెంటీమీటర్లుంటే లాగే బలం కూడా అంతే. మీ కిటికీ దగ్గర సెకనుకు 2 మీటర్ల వేగంతో గాలి వీచినా దాని ఒత్తిడి పావు మిల్లీమీటరు నీటి ఎత్తుకు మించదు. కాబట్టి బిగువైన పొరల్లో ఏది మెరుగో సీసా చెబుతుంది. వల, గోనెపట్టా లాంటి వదులు పొరల సంగతి అది చెప్పలేదు. వాటికి వేరే పరీక్ష ముందు చెబుతాను.

గ్లాసుల పరీక్ష: ఆవిరికి

ఒకే కొలత ఉన్న స్టీలు గ్లాసులు నాలుగు తీసుకుని, అంచుకు బొటనవేలు వెడల్పు తగ్గేటట్టు నీరు పోయండి. ఒకటి తెరిచి ఉంచండి. మిగతా వాటికి వార్తాపత్రిక, కొత్త పారఫిన్ కాగితం, మీరు నాలుగైదు పంటలుగా వాడుతున్న పాత పారఫిన్ కాగితం కప్పి దారంతో కట్టండి. నాలుగింటినీ తూచి, ఒకే చోట, ఫ్యాను గాలి తగలకుండా 24 గంటలు ఉంచి మళ్లీ తూచండి. నగల తూకం లాంటి చిన్న ఎలక్ట్రానిక్ తూకమైతే మంచిది. వంటింటి తూకం 1 గ్రాము కంటే తక్కువ చూపదు కాబట్టి దానితో అయితే రెండు, మూడు రోజులు ఉంచి తూచండి.

ఉదాహరణకు తెరిచిన గ్లాసు 10 గ్రాములు, పత్రిక కప్పినది 6 గ్రాములు, కొత్త పారఫిన్ కాగితం కప్పినది 1 గ్రాము తగ్గాయనుకుందాం. పాత పారఫిన్ కాగితం 4 గ్రాములు తగ్గితే దాని పని అయిపోయినట్టే. అది పారఫిన్ కాగితం రూపంలో ఉన్న వార్తాపత్రిక. ప్రయోగశాలలో లాగా చెప్పాలంటే, గ్లాసు మూతి అడ్డకొలత 7 సెం.మీ. అయితే వైశాల్యం సుమారు 38.5 చదరపు సెం.మీ. రోజుకు 4 గ్రాములంటే చదరపు మీటరుకు సుమారు 1,040 గ్రాములు. చాకీ తట్టల మీద అంత నీరు లేత ఆకు నుండి పోతే పురుగు తినడానికి మిగిలేది ఎండు పీచు.

కాగితం ఎందుకు పాడవుతుంది? 55 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరిగే మైనం మందపాటి కాగితానికి పట్టించి దీన్ని చేస్తారు. మడత పెట్టిన ప్రతిచోటా మైనం చిట్లుతుంది. ఎండలో పెడితే కరిగి ఒకవైపు చేరుతుంది. కాగితాన్ని తెల్ల కాగితం మీద పరిచి పైన సిరా కలిపిన నీరు నాలుగు చుక్కలు మడత వెంబడి వేసి పది నిమిషాలు ఆగండి. కింద మరక పడితే చిట్లిన చోటు దొరికినట్టే. మడవకుండా చుట్టచుట్టి నీడలో దాచుకుంటే ఎక్కువ పంటలు వస్తుంది.

ఏ దశకు ఏ పొర

మొదటి, రెండవ దశల్లో 27 నుండి 28 డిగ్రీల వేడి, 85 నుండి 90 శాతం తేమ కావాలి. పురుగు చిన్నది, తరిగిన ఆకు త్వరగా ఆరుతుంది. అందువల్ల ఇక్కడ ఆవిరిని ఆపే పొరే సరైనది. అయితే ప్రతి మేతకు అరగంట ముందు పై కాగితం తీసి గాలి తగలనివ్వాలి. పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు కాగితం పూర్తిగా తీసేయాలి, పడక ఆరాలి, సున్నం పొడి చల్లాలి.

ఐదవ దశకు వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. 24 డిగ్రీలు, 65 నుండి 70 శాతం తేమ చాలు. పురుగు తన జీవితంలో తినే ఆకులో 80 శాతానికి పైగా ఈ దశలోనే తింటుంది. ఒక రోజు 100 కిలోల ఆకు వేశారనుకోండి. అందులో సుమారు 70 కిలోలు నీరే. అంటే రోజూ ఏడు బిందెల నీరు గదిలోకి మోసి పోసినట్టు. ఆ నీటిలో చాలా భాగం ఆవిరిగా కిటికీల గుండానే పోవాలి. పోకపోతే పడక పులుస్తుంది, రెట్ట నుండి ఘాటు వాసన లేస్తుంది, ఫ్లాచరీ, సున్నకట్టు రోగాలు ఎదురు చూస్తున్నట్టే వస్తాయి. పెట్టుబడి అంతా పెట్టేసిన తరువాత, గూడు కట్టడానికి రెండు మూడు రోజుల ముందు పోయే పంట ఇదే. సంకర జాతి పురుగు కొంత ఓర్చుకుంటుంది, బైవోల్టిన్ పురుగు ఓర్చుకోదు.

వల సంగతి

ఊజీ ఈగ పశ్చిమ బెంగాల్ నుండి గూళ్లతో పాటు 1980లో కర్ణాటకకు చేరింది. అప్పటి నుండి కిటికీకి వల లేని పెంపకం మాట మనం మరిచిపోయాము, మరిచిపోవడమే మంచిది. కాని వల ఎంత సన్నగా ఉంటే అంత క్షేమం అనుకోవడం సరికాదు. ఊజీ ఈగ ఇంటి ఈగ కంటే పెద్దది. 2 మి.మీ. లోపు రంధ్రం దాన్ని ఆపుతుంది. దోమను ఆపే వల కొంటే దోమతో పాటు గాలినీ ఆపుతున్నారు.

లెక్క మీరే చేసుకోవచ్చు. పిల్లల స్కేలు వల మీద పెట్టి 5 సెం.మీ. పొడవులో రంధ్రాలు లెక్కించండి. 25 ఉంటే దారం నుండి దారానికి 2 మి.మీ. వలలోంచి ఒక పోగు లాగి పెన్సిలుకు పక్కపక్కగా 20 చుట్లు చుట్టండి. చుట్ల వెడల్పు 5 మి.మీ. వస్తే పోగు మందం 0.25 మి.మీ. అప్పుడు రంధ్రం 1.75 మి.మీ. 1.75ను 2తో భాగిస్తే 0.875, దాన్ని దానితోనే గుణిస్తే 0.77. అంటే వలలో 77 శాతం ఖాళీ. అదే పోగుతో 5 సెం.మీ.కు 50 రంధ్రాలున్న వలకు లెక్క వేస్తే 56 శాతమే ఖాళీ.

ఇప్పుడు రెంటికీ ఒక సంవత్సరం దుమ్ము, సున్నం, బ్లీచింగు పొడి, సాలెగూడు పట్టి పోగు మందం 0.4 మి.మీ. అయిందనుకోండి. మొదటి వలలో ఖాళీ 64 శాతానికి దిగుతుంది. రెండో దానిలో 36 శాతానికి. సన్నని వల త్వరగా గుడ్డిదవుతుందన్నమాట. నిజానికి మెల్లగా వీచే గాలి ఈ శాతం కంటే కూడా ఎక్కువ తగ్గుతుంది, ఎందుకంటే ప్రతి పోగునూ రాసుకుంటూ పోవాలి. కాబట్టి ప్రతి పంట తరువాత వల విప్పి, నీళ్లలో ఝాడించి, ఆరబెట్టి మళ్లీ కట్టండి. మేకులతో కొట్టేసిన వలను ఎవరూ ఉతకరు. చెక్క చట్రానికి బిగించి, చట్రాన్ని కొక్కేలతో తగిలించుకుంటే ఈ పని తేలిక.

ఇంకొక ఉపాయం వైశాల్యం పెంచడం. 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు కిటికీకి తిన్నగా వల కొడితే 12 చదరపు అడుగులు. అదే వలను కిటికీ బయట అడుగున్నర ముందుకు పొడుచుకు వచ్చే పెట్టెలా కట్టి, పైభాగం వానకు రేకు వేసినా, ముందు 12, రెండు పక్కలా కలిపి 9, కింద 6, మొత్తం 27 చదరపు అడుగుల వల గాలికి దొరుకుతుంది. కిటికీ అదే, గోడ పగలగొట్టే పని లేదు. తలుపుకు కూడా ఇలాగే చిన్న వల గది కడితే మనిషి వెళ్లేటప్పుడు ఈగ వెంట రాదు.

తడి గోనె, యూరియా సంచి, కుంపటి

ఏప్రిల్, మే నెలల్లో ప్రతి ఏడూ చూసే దృశ్యం ఇది. గది చల్లబడాలని కిటికీలన్నిటికీ గోనెపట్టాలు నాలుగు మూలలా బిగించి కట్టి, గంటగంటకూ నీరు చల్లుతారు. లోపలికి పోగానే చల్లగా ఉంటుంది, రైతు తృప్తి పడతాడు. పురుగు మాత్రం తల ఎత్తి కదలకుండా ఉంటుంది.

పొడి గోనెపట్టా గాలిని బాగా వదులుతుంది. తడిస్తే జనపనార ఉబ్బుతుంది, నేత సందుల్లో నీటి పొర నిలుస్తుంది. 1 మి.మీ. సందులో నిలిచిన నీటి పొరను చీల్చడానికి సుమారు 3 సెం.మీ. నీటి ఎత్తు ఒత్తిడి కావాలి. మన పిల్లగాలికి ఉన్నది పావు మి.మీ. అని ముందే చెప్పుకున్నాము. అంటే ఆ తడి పట్టా గాలికి గోడతో సమానం.

దీన్ని చూడడానికి పట్టు పోగే పరికరం. గూటి నుండి జానెడు పోగు తీసి పుల్ల చివర కట్టి, కిటికీకి లోపల జానెడు దూరంలో పట్టుకోండి. వల ఒక్కటే ఉన్నప్పుడు, పొడి పట్టా వేసినప్పుడు, తడిపినప్పుడు పోగు ఎంత ఊగుతుందో చూడండి. గాలి ఎప్పుడూ ఒకేలా ఉండదు కాబట్టి వెంటవెంటనే నాలుగైదు సార్లు మార్చి మార్చి చూడాలి. అగరుబత్తి పొగతో కూడా చూడవచ్చు గాని అది పురుగులు లేని ఖాళీ గదిలోనే.

పట్టా వద్దని కాదు. గాలి వచ్చే వైపు కిటికీకి ఒక జానెడు దూరంగా, కింది అంచు వదిలేసి వేలాడదీయండి. గాలి దాని పక్కల నుండి, కింద నుండి చల్లబడి వస్తుంది. నీరు కారుతున్నంతసేపు కాకుండా పిండినట్టు చెమ్మగా ఉంటే చాలు. ఎదురు గోడ కిటికీలనూ, పై వెంటిలేటర్లనూ ఎట్టి పరిస్థితిలోనూ కప్పవద్దు. గదిలో తేమ అప్పటికే ఎక్కువగా ఉన్న రోజున పట్టా తడపడం అనవసరం.

యూరియా సంచుల పరదా జల్లు కొట్టినంతసేపే దించాలి. వాన నిలవగానే చుట్టి పైకి కట్టాలి. సీసా పరీక్షలో అది నీటిని ఎలా ఆపేసిందో ఒకసారి చూసినవారికి ఈ మాట మళ్లీ చెప్పనక్కరలేదు.

చలికాలంలో కిటికీలకు ఇలాంటి పరదాలు దించి లోపల బొగ్గుల కుంపటి పెట్టడం పురుగుకే కాదు, మనిషికీ ప్రమాదం. కాలిన బొగ్గు నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. గాలి దాటని పొరల మధ్య అది పేరుకుంటే నిద్రలోనే ప్రాణం పోతుంది. బొగ్గు బయట బాగా రాజుకున్న తరువాతే లోపలికి తెచ్చినా సరే, ఒక వెంటిలేటరు తెరిచే ఉంచండి. ఆ గదిలో ఎవరూ పడుకోవద్దు, ముఖ్యంగా పిల్లలు.

గుడ్లు తెచ్చే సంచి, గూళ్లు పోయే సంచి

పట్టుగుడ్డు కూడా గాలి పీలుస్తుంది. గ్రెయినేజి నుండి గుడ్లను పాలిథీన్ సంచిలో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చేవారున్నారు. నూలు సంచిలో గాని, రంధ్రాలున్న అట్టపెట్టెలో గాని, తెల్లవారుజామునో సాయంత్రమో తేవాలి. గుడ్డు మీద నల్ల చుక్క కనపడ్డాక చీకటి చేసేటప్పుడు కూడా నల్ల కాగితమో నల్ల బట్టో వాడండి. నల్ల పాలిథీన్ వద్దు. మనకు కావలసింది వెలుతురు ఆపడమే, గాలిని ఆపడం కాదు.

చివరిగా గూడు. అది కూడా ఒక పొరే, పురుగు తానే నేసుకున్నది. రీలింగు చేసేవారు గూళ్లను ఆవిరికి పెట్టి లోపలి గాలిని వెళ్లగొట్టి, తరువాత వేడి తక్కువ ఉన్న నీటిలో ముంచినప్పుడు నీరు ఆ పొర గుండా లోపలికి దిగాలి. అన్ని చోట్లా సమానంగా దిగితే పోగు తెగకుండా వస్తుంది. చంద్రికల మీద పురుగులు ఒత్తుగా వేసి, గాలి లేని చెమ్మ గదిలో గూడు కట్టిస్తే జిగురు ఆలస్యంగా ఆరి పోగులు ఒకదానికొకటి గట్టిగా అంటుకుపోతాయి. అలాంటి గూటి పోగు మాటిమాటికీ తెగుతుంది. ఊజీ పురుగు తొలిచిన గూడుదీ ఇబ్బందే, రంధ్రం గుండా నీరు నిండి బేసినులో మునిగిపోతుంది. శిడ్లఘట్టలోనైనా హిందూపురంలోనైనా కొనేవారు గూళ్లను గుప్పిట పట్టి నొక్కి చూసేటప్పుడు వారి వేళ్లు వెతికేది ఈ లోపాలనే. కాబట్టి గూడు కట్టే రోజుల్లో చంద్రికల కింద పాత పత్రికలు పరచండి, పురుగు విడిచే మూత్రాన్ని అవి పీలుస్తాయి. తడిసిన పత్రికలను తీసివేసి, గది వేడి 24 డిగ్రీలు, తేమ 60 నుండి 65 శాతం ఉండేటట్టు కిటికీలు తెరిచి ఉంచండి.

గూళ్లను మార్కెట్టుకు పలుచని నూలు సంచులలో, ఒత్తకుండా వదులుగా నింపి తీసుకుపోవాలి. లోపల ప్యూపా ఇంకా బతికే ఉంటుంది, ఊపిరితో పాటు చెమ్మనూ వేడినీ విడుస్తూ ఉంటుంది. దారిలో సంచిలోకి చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా, చెమ్మగా తగిలితే మార్కెట్టు చేరగానే మూతి విప్పి, నీడలో పలుచగా పరిచి, గాలి తగిలిన తరువాతే వేలానికి పెట్టండి.